మాట లేని చరణం

నీళ్లు కళపెళ మరుగుతున్నాయి. శ్రీదుర్గ మూత తీసి చూసి మళ్లీ మూసింది. ఇంకాసేపు ఉంచితే మంచిదేమో. ఆ ఇంకాసేపు ఎక్కడ ఆగాలో ఆమెకెప్పుడూ తెలియదు.

"గ్యాసుబండ అన్నానికి తెచ్చుకున్నామా, నీళ్లకి తెచ్చుకున్నామా?" అంది వసారాలోంచి అత్తగారు వెంకటనరసమ్మ. "మేమందరం కాలవ నీళ్లు తాగే పెరిగాం."

"అప్పుడిన్ని చెరువుల్లేవు కదత్తయ్యా."

"ఆఁ. మాటకి మాట మాత్రం వచ్చు."

శ్రీదుర్గ పొయ్యి కట్టేసింది. పాత పంచెగుడ్డ మడతలు పెట్టి బిందె మూతికి కట్టి నీళ్లు వంచింది. మరగబెట్టేముందు ఒకసారి వడకట్టినా గుడ్డ మీద పచ్చటి జిగురు సన్నగా మిగిలింది. గోటితో గీకి వాసన చూసి మొహం తిప్పుకుంది. వేసంగిలో కూతురు పింకీని ఏలూరు ఆసుపత్రిలో చేతికి సూదితో పడుకోబెట్టినప్పటి నుంచీ ఆ జిగురు కనబడితే చాలు, అరికాళ్లు చల్లబడతాయి.

"పిల్లని ఉంచేసి వెళ్లు. మంచు పడుతోంది."

ఉంచేస్తే మీరు కాలవలోంచి వచ్చే కుళాయి నీళ్లు అలాగే పట్టేస్తారని నాలిక చివరిదాకా వచ్చింది. రెండున్నరేళ్ల పింకీని చంకనేసుకుని, సంచిలో నీళ్లసీసా, కోలాటం కోలలు పడేసుకుని బయటపడింది.

కైకలూరు దాటి కొల్లేటి గట్టు మీద ఉంటుంది ఆ ఊరు. ఇళ్ల చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. వాటిల్లో గాలిచక్రాలు నీళ్లని చిలుకుతూనే ఉంటాయి. ఆ చప్పుడు ఆగితే ఊరు ఉలిక్కిపడి లేస్తుంది, కరెంటు పోయిందని.

రామాలయం ముందు సిమెంటు చప్టా మీద ఆడవాళ్లు అప్పటికే రెండు వరసల్లో గుండ్రంగా నిలబడ్డారు. లోపలి వరస, బయటి వరస. లోపలి మనిషికి ఎదురుగా బయటి మనిషి, అదే జత. చుట్టూ పట్టాలు పరుచుకుని చూడవచ్చినవాళ్లు కూర్చున్నారు. చేపల మేత ఖాళీ బస్తాలు విప్పి ఆ పట్టాలు కుట్టింది శ్రీదుర్గే. పింకీని వాటి మీద కూర్చోబెట్టి సీసా పక్కన పెట్టింది. మూత బిగించి ఉందో లేదో మళ్లీ చూసింది.

"అక్కా, రా తొందరగా! మొగుడు లేని దానిలా నిలబడ్డాను" అని అరిచింది రమ్యశ్రీ. వట్లూరులో పాలిటెక్నిక్ చదువుతోంది. బస్సు దిగి సరాసరి వచ్చినట్టుంది, కాలేజీ చుడీదారు మీదే ఉంది. శ్రీదుర్గకి జత ఆమే.

కోలాటం నేర్పే వీర్రాజు మాస్టారుది తాడేపల్లిగూడెం. నేర్చుకున్నవాళ్లు దేవుడి ముందు మొదటిసారి గజ్జె కట్టి ఆడే గజ్జెపూజ అయ్యేదాకా ఊళ్లోనే సొసైటీ గదిలో ఉంటున్నారు. ఏ ఊళ్లోనైనా ఆయన ఫోన్లో ఉన్న పాటలే నేర్పుతారట. ఇక్కడ మాత్రం ఒక సాయంత్రం కరెంటు లేక ఫోను చచ్చిపోతే ఆడవాళ్లు ఊరికే నవ్వులాటకి ఏదో అల్లారు. ఆయన కోలలు చంకలో పెట్టుకుని విన్నారు. "ఇదేదో బావుందండీ. జతకో చరణం తెండి. కట్టినవాళ్లే ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకోవాలి" అన్నారు. అలా పాట పెరిగింది. ఇవాళ మొదటిసారి మొత్తం పాడుతున్నారు.

ఈల మోగింది. కోలలు తగిలాయి. మంగతాయారు ఎత్తుకుంది. ఆవిడ ఒళ్లంతా గొంతే.

"వల లాగి లాగి మావారొచ్చిరమ్మా, వలలోన పడ్డాది నిద్దరేనమ్మా!"

అందరూ అందుకున్నారు. చరణం అయిపోగానే బయటి వరస ఒక అడుగు కుడికి జరిగింది. ఇప్పుడు అందరికీ కొత్త ఎదురుమనిషి. తొమ్మిదో తరగతి ప్రీతి పాడింది.

"ఐసుముక్క దొంగిలించి బుగ్గకెట్టితినమ్మా, అమ్మ వచ్చి అడిగేసరికి కరిగిపోయెనమ్మా!"

పట్టాల మీద ఆడవాళ్లు పకపకా నవ్వారు. మరో అడుగు. మరో చరణం. శ్రీదుర్గ వంతు దగ్గరపడింది. పదో తరగతితో బడి ఆగిపోయాక నలుగురిలో గొంతెత్తింది లేదు. ఎత్తుకుంది.

"చెరువు నీళ్లొదిలారు కాలవలోకమ్మా
కాలవ నీళ్లొచ్చాయి కుండలోకమ్మా
కుండ నీళ్లు తాగింది నా బిడ్డేనమ్మా
బిడ్డ కళ్లు తేలేస్తే ఎవరి నడగాలమ్మా!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందుకున్నారు. అన్ని గొంతుల్లో తన మాట వినబడుతుంటే ఆమెకి కాళ్లు నేల మీద ఆనలేదు. పాట పూర్తయ్యేసరికి బయటి వరస చుట్టంతా తిరిగి ఎవరి జత ముందుకి వాళ్లొచ్చి ఆగారు. రమ్యశ్రీ ఎదురుగా, చెమటతో, పళ్లన్నీ బయటపెట్టి.

"అక్కా, నీ చరణం మా అన్నయ్య చేత వీడియో తీయించాను. స్టేటస్‌లో పెట్టేస్తున్నా."

"పెట్టుకో" అంది శ్రీదుర్గ. ఆ క్షణంలో ఏమడిగినా సరేననేది.

మర్నాడు పొద్దున్న మొగుడు ఫణికిరణ్ చెరువు కాపలా నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. శ్రీదుర్గ చద్దన్నంలో పెరుగు కలిపి, మామిడికాయ ముక్క వేసి పెట్టింది. అతను ముక్క పక్కకి నెట్టి ఊరికే కలుపుతున్నాడు.

"ఏవండీ, ఒంట్లో బాగాలేదా?"

"సుబ్బరామయ్యగారు వీడియో చూశారు."

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కైకలూరులో మేతల షాపు, ఈ ఊళ్లో సగం చెరువుల లీజు ఆయనవే. ఫణికిరణ్ ఆయన మనిషే.

"ఏమన్నారండీ?"

"'మీ ఆవిడ గొంతు బావుంది ఫణీ' అన్నారు."

"అంతేనా?"

"అంతే. ఇంకేమన్నా అనుంటే బాగుణ్ణు."

పింకీ వచ్చి అతని వీపు మీదెక్కింది. అతను దింపలేదు.

"ఆ చరణం వద్దు దుర్గా. తీసెయ్యండి."

"ఎవరినీ పేరు పెట్టి అనలేదు కదండీ. ఉన్నమాటే..."

"ఎవరి నడగాలని పాడావు కదా." అతను మొదటిసారి తలెత్తి చూశాడు. "ఆ తూము తిప్పేదెవరనుకున్నావు? చెరువు నీళ్లు మార్చే రోజున చక్రం తిప్పి కాలవలోకి వదిలేది నేనేనే. ఈ చేతుల్తోనే."

శ్రీదుర్గకి తెలియంది కాదు. తెలిసే ఉంది. కానీ పాట కట్టేటప్పుడు ఆ తూము దగ్గర మొహం లేని ఎవడో నిలబడ్డాడు. ఆ మొహం ఇప్పుడు పీట మీద కూర్చుని, పిల్ల మెడ చుట్టూ చేతులేస్తే ముద్ద మింగడానికి అవస్థపడుతోంది.

"తీసేస్తాంలెండి" అంది. "తినండి ముందు."

ఆ రోజు కుట్టుమిషను దగ్గర కూర్చుంటే సూది రెండుసార్లు విరిగింది. బస్తాల దారం ముళ్లు పడింది. లేచి బిందె మూత సరిచేసింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచి పిల్ల నుదురు ముట్టుకుంది. అత్తగారు గుమ్మంలో బియ్యం చెరుగుతూ ఇదంతా చూస్తోంది.

సాయంత్రం చప్టా దగ్గర కారాగింది. సుబ్బరామయ్యగారి భార్య రత్నాంబ దిగింది. వెనక సీట్లో చీరల మూటలు. గజ్జెపూజకి అందరికీ ఒకే రకం, పసుప్పచ్చ మీద ఎర్రంచు. గజ్జెలూ ఆవిడే తెప్పించింది. ఆడవాళ్లు మూట విప్పి అంచులు ముట్టుకుని మురిసిపోయారు. మంగతాయారు ఒకటి భుజాన వేసుకుని "ఏమండీ, నాకు రెండు చీరలు కలిపి కుట్టాలేమోనండీ" అంటే రత్నాంబే ముందు నవ్వింది.

తర్వాత శ్రీదుర్గని పక్కకి పిలిచి తలలో ఉన్న చేమంతి సరిచేసింది.

"నువ్వేనటమ్మా ఆ చరణం కట్టింది. పసిదానికి బాగాలేదని నాకసలు తెలియనే తెలియదు. చెబితే కారు పంపేవాళ్లం కదా."

"అయ్యో, ఫరవాలేదండి."

"నాకేం అభ్యంతరం లేదమ్మా. కాకపోతే దేవుడి ముందర మొదటిసారి గజ్జె కట్టి ఏడుపు మాట పాడితే మంచిది కాదంటారు. మీ అందరి మంచికే. ఫణి మా ఇంటి మనిషి, నిన్ను వేరుగా ఎందుకనుకుంటాను?"

"తీసేశామండి, ఇవాళే తీసేశాం" అంది శ్రీదుర్గ. అడిగినదానికంటే ముందే, అడిగినదానికంటే ఎక్కువగా ఒప్పేసుకుంది. కారు వెళ్లాక ఆ తొందర తలుచుకుంటే ఒంటి మీద తేళ్లు పాకినట్టయింది.

మాస్టారు చరణం తీసేసి పాట ఆడించారు. ఆఖరి దెబ్బకి అందరూ ఆగారు. ఆగి చూసుకుంటే ఎవరి ఎదుటా వాళ్ల జత లేదు. శ్రీదుర్గ ముందు మంగతాయారు ఉంది.

"ఇదేంటే, నా మొగుడేడి?" అంది మంగతాయారు.

"మావాడు అక్కడెవరితోనో ఉన్నాడు!" అని అవతల నుంచి ప్రీతి.

నవ్వులయ్యాయి. మాస్టారు మాత్రం తల గోక్కున్నారు. "చరణానికో అడుగు కదండీ. చరణం పోతే అడుగు పోయింది. అందరూ తమ జతకి ఒక మనిషి ఇవతలే ఆగిపోయారు. గజ్జెపూజ నాడు ఎవరి జత ముందు వాళ్లాగి హారతి తీసుకోవాలి. అది తప్పకూడదు."

వేరే చరణం పెడదామని చూశారు. ఒకరు రాముడి మాట చెప్పారు, ఒకరు కలవపువ్వుల మాట చెప్పారు. ఆడుతుంటే ఆ చోటుకొచ్చేసరికి సగంమంది నోళ్లు వాటంతటవే "చెరువు నీళ్లొదిలారు" అనేవి, సగంమంది కొత్త మాట అనేవారు. కోలలు వేళ్ల మీద పడ్డాయి. ప్రీతి గోరు కమిలింది.

చివరికి మాస్టారు అన్నారు: "మాట తీసేద్దాం, దెబ్బ ఉంచుదాం. ఆ చరణం నాలుగు వరసలూ ఎవరూ నోరిప్పొద్దు. ఉత్త కోలలే. అడుగు పోదు, జతలు కలుస్తాయి."

అలాగే ఆడారు. కోలల చప్పుడు ఒక్కటే, ఖాళీ ఇంట్లో ఎవరో నడుస్తున్నట్టుంది. జతలు కలిశాయి. రమ్యశ్రీ ఎదురొచ్చి ఆగింది కానీ మొహంలోకి చూడలేదు.

"నీకు భయమైతే నేను పాడేదాన్ని కదక్కా. చరణం ఇద్దరిదీ."

"మీ నాన్న సుబ్బరామయ్యగారి చెరువు కాయట్లేదు కదమ్మా."

"మా తమ్ముడూ ఆ నీళ్లే తాగుతున్నాడు" అంది రమ్యశ్రీ. కోలలు సంచిలో పడేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత గజ్జెపూజ దాకా ఆటలో దెబ్బకి దెబ్బ తగిలించడమే తప్ప ఆ పిల్ల మాట్లాడలేదు.

శనివారం పొద్దుటే రామాలయం మెట్లన్నీ పసుపునీళ్లతో కడిగారు. గజ్జెల జతలు పళ్లాల్లో పోసి దేవుడి ముందు పెట్టి పూజ చేశారు. మాస్టారు ఒక్కొక్కరికే ఇస్తుంటే కళ్లకద్దుకుని కట్టుకున్నారు. శ్రీదుర్గకి ముడి కుదరలేదు. తాడు జారిపోతోంది. రమ్యశ్రీ చూసి ముందు ఊరుకుంది. తర్వాత విసురుగా వంగి ముడేసింది.

"బిగుతుగా ఉందా?"

"ఉంది."

"ఉండనీ."

చప్టా చుట్టూ జనం. మగవాళ్లు గోడవారగా, ఆడవాళ్లు పట్టాల మీద. వెంకటనరసమ్మ పింకీని ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పక్కన నీళ్లసీసా ఉంది. ఎదురుగా కుర్చీల్లో రత్నాంబ, సుబ్బరామయ్యగారు. ఫణికిరణ్ వాళ్ల కుర్చీల వెనక నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. వచ్చేవారం తాడేపల్లిగూడెంలో అమ్మవారి ఉత్సవానికి చుట్టుపక్కల ఊళ్ల కోలాటం జట్లన్నీ వస్తున్నాయని, ఈ జట్టుని కూడా పిలిచారని మాస్టారు మైకులో చెప్పారు. చప్పట్లు కొట్టారు.

ఈల. కోలలు. ఇన్ని గజ్జెలు ఒక్కసారి మోగితే నేల కదిలినట్టయింది. మంగతాయారు వల లాగింది, జనం నవ్వారు. ఒక అడుగు. ప్రీతి ఐసుముక్క దొంగిలించింది, కమిలిన గోరుతోనే. మరో అడుగు. శ్రీదుర్గ పెదాలు బిగపట్టింది. వస్తోంది. వచ్చేసింది.

మాట ఆగిపోయింది. ఉత్త కోలలు. ఠక్ ఠక్. చరణంలో మొదటి వరస పూర్తిగా ఖాళీగా వెళ్లిపోయింది. ఇంకా మూడే, అనుకుంది శ్రీదుర్గ, నేలకేసి చూస్తూ.

"...కాలవ నీళ్లొచ్చాయి..."

ఎవరో నోరు జారారనుకుంది. రమ్యశ్రీయేనని తల తిప్పి చూసింది. రమ్యశ్రీ నోరు మూసుకునే ఉంది. వరసలో అందరి నోళ్లూ మూసుకునే ఉన్నాయి. మాట చప్టా మీద నుంచి రావడం లేదు. కింద నుంచి వస్తోంది. నెలరోజులుగా పాట పెరగడం చూసి, ఆ వీడియో ఫోన్లలో మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్న ఆడవాళ్లు. కోలలు ఆ దెబ్బ వేయగానే వాళ్లకి ఆ మాటే వచ్చేసింది. తీసేశారని సగంమందికి తెలియదు. తెలిసినవాళ్లూ ఆగలేదు.

"కుండ నీళ్లు తాగింది నా బిడ్డేనమ్మా..."

చరణం మూడో వరసకి పట్టాలన్నీ అందుకున్నాయి. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, బడిపిల్లలు. తిరుగుతూ శ్రీదుర్గ అత్తగారి ముందుకొచ్చింది. వెంకటనరసమ్మ పిల్లని ఊపుతూ, కళ్లు మూసుకుని, భజనలో పాడినట్టు పాడుతోంది. ఒక్క మాట తప్పులేదు.

"బిడ్డ కళ్లు తేలేస్తే ఎవరి నడగాలమ్మా!"

మాస్టారి చేతిలో తాళాలు తడబడి మళ్లీ అందుకున్నాయి. అడుగు పడింది. తర్వాతి జత తమ చరణం ఎత్తుకుంది. పాట ముందుకెళ్లింది. సుబ్బరామయ్యగారు ఫోను చెవిన పెట్టుకుని లేచి వెళ్లిపోవడం ఒక తిరుగులో కనబడింది. ఇంకో తిరుగులో ఫణికిరణ్ ఆ కుర్చీల వెనక లేడు. శ్రీదుర్గ మనసు అటే పోయింది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆఖరి దెబ్బకి రమ్యశ్రీ ఎదురుగా ఉంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి.

"మనం పాడలేదక్కా" అంది ఊపిరందక.

"పాడలేదు" అంది శ్రీదుర్గ.

హారతి అయింది. రత్నాంబ కదలకుండా కూర్చున్న కుర్చీలోంచి లేచి, మెట్ల మీద నిలబడి, అనుకున్నట్టే ఒక్కొక్కరికీ తాంబూలం ఇస్తోంది. మొహంలో ఏమీ లేదు. వరసలో నిలబడి శ్రీదుర్గ మొగుడి కోసం వెతికింది. స్తంభం పక్కన ఉన్నాడు. అత్తగారి దగ్గర నుంచి పింకీని తీసుకుని ఎత్తుకున్నాడు. పిల్లకి సీసాతో నీళ్లు పడుతున్నాడు, మూత వేళ్ల మధ్య పట్టుకుని.

వంతు వచ్చింది. రత్నాంబ ఆమె నుదుట బొట్టు పెట్టింది.

"నీ తప్పేం లేదమ్మా" అంది నెమ్మదిగా. "నువ్వు నోరు మూసుకునే ఉన్నావు. నేను చూశాను. ఆయనతోనూ అదే చెబుతాను. ఊళ్లోవాళ్లు ఏదో అలవాటుకొద్దీ అందుకున్నారు." రవికెగుడ్డ మీద అరటిపళ్లు, తమలపాకులు సర్దింది. "తాడేపల్లిగూడెంలో ఈ బెడద ఉండదులే. అక్కడ ఈ మాటలు ఎవరికి తెలుసు?"

శ్రీదుర్గ చాపిన చేతులు అలాగే ఉన్నాయి. అవును. అక్కడెవరికీ తెలియవు. అక్కడ తను మూసుకుంటే కింద నుంచి ఎవరూ అందుకోరు. కోలలు ఠక్ ఠక్‌మని కొట్టుకుపోతాయి, బావుందని చప్పట్లు కొడతారు. ఈ సంగతి ఇంతసేపూ తనకి తట్టనేలేదు.

"అక్కడ నేనే పాడాలండి" అంది.

చిన్నగానే అంది. స్తంభం దగ్గర ఫణికిరణ్ పిల్ల నోటి నుంచి సీసా తీసి మూత పెట్టాడు. మూత రెండు మూడుసార్లు తిప్పాడు. ఇటే చూస్తున్నాడు. అతని మొహంలో ఉన్నది కోపమో, మరొకటో ఆమెకి తెలియలేదు.

రత్నాంబ ఆమె వంక చూసింది, కొత్తమనిషిని చూసినట్టు. తర్వాత తాంబూలం చేతుల్లో పెట్టి, "ఎవరమ్మా తర్వాత, రండి రండి" అంది.

శ్రీదుర్గ మెట్లు దిగింది. గజ్జెలు విప్పడం మరిచిపోయింది. ఎంత మెల్లగా అడుగేసినా అవి మోగుతూనే ఉన్నాయి.